ఉత్తరకుమారుడు ఏమైనాడు?

యుద్ధమును చూచి నవ్వవచ్చునా అను ప్రశ్న సినిమాతో పుట్టినది కాదు. కాని సినిమాశాలలో దానికి పదును హెచ్చు. పుస్తకము చదువువాడు తనలో తాను నవ్వుకొనును. ఎవరికిని సంజాయిషీ చెప్పుకొననక్కరలేదు. సినిమా చూచువాడు మూడువందలమంది నడుమ చీకటిలో కూర్చుండి నవ్వును. ఆ మూడువందలమందిలో సైన్యమునకు పోయి తిరిగిరాని కొడుకును కన్నతల్లి ఉండవచ్చును. నవ్వినవాని ప్రక్క కుర్చీ ఆమెదే కావచ్చును.

సూర్యాపేటవారికి ఇది ఊహ కాదు. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఇరువదిమంది భారత సైనికులు నేలకొరిగిరి. వారికి నాయకత్వము వహించిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు ఈ యూరివాడు. మరణానంతరము ఆయనకు మహావీరచక్ర ప్రకటింపబడినది. పట్టణములో విగ్రహము వెలసినది. చివ్వెంలనుండియు, చుట్టుపట్ల పల్లెలనుండియు చదువుకొరకు సూర్యాపేటకు వచ్చిపోవు పిల్లలలో ఆ పేరు విననివారుండరు. అట్టి యూర యుద్ధము నేపథ్యముగా గల చిత్రమాడుచుండగా హాలులో నవ్వు వినిపించినచో, వెనుక వరుసలోని పెద్దలు కొందరు మందలింతురు. పిల్లలు తలవంచుకొందురు. మరల నవ్వు వచ్చును. తప్పెవరిది?

ఈ ప్రశ్నను లోకమంతయు చర్చించినది ఒక ఇటాలియన్ చిత్రము సందర్భమున. రాబర్టో బెనిని దర్శకత్వము వహించి తానే ప్రధానపాత్ర ధరించిన ఆ చిత్రము 1997 డిసెంబరులో ఇటలీలో విడుదలయ్యెను. ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’ అను ఇంగ్లీషు పేరుతో మనవారికి పరిచితము. (2012లో శేఖర్ కమ్ముల అదే పేరు పెట్టి తీసిన తెలుగు చిత్రమునకును దీనికిని సంబంధము లేదు.) సగము కథ వరకు అది ప్రణయహాస్యము. గ్విడో అను యూదు యువకుడు అల్లరిచేష్టలతో ఒక ఉపాధ్యాయురాలి మనసు గెలుచుకొనును, పెండ్లియాడును, పుస్తకముల దుకాణము పెట్టును. ఒక కొడుకు పుట్టును. తరువాతి సగములో తండ్రికొడుకులిద్దరును నాజీల నిర్బంధ శిబిరమునకు తరలింపబడుదురు. అక్కడ తండ్రి కొడుకుతో ఇదంతయు ఒక ఆట అని చెప్పును. వేయి మార్కులు ముందుగా సంపాదించినవారికి నిజమైన యుద్ధశకటము బహుమానమట! ఏడ్చినచో మార్కులు పోవును, ఆకలియనినచో పోవును, అమ్మ కావలెననినను పోవును. జర్మను కావలివాడు వచ్చి శిబిరపు ఆజ్ఞలను గర్జించి చెప్పుచుండగా, ఆ భాష ఒక్క ముక్కయు రాని తండ్రి దుబాసిగా నిలిచి వానిని ఆట నిబంధనలుగా మార్చి వినిపించును.

ఆ ఘట్టమున నవ్వనివారు అరుదు. నవ్విన మరుక్షణమున తమ నవ్వునకు తామే ఉలిక్కిపడనివారును అరుదు. 1998లో కేన్స్ చిత్రోత్సవమున దానికి గ్రాండ్ ప్రీ లభించెను. 1999లో ఉత్తమ విదేశీభాషా చిత్రముగా, ఉత్తమ నటునికి, సంగీతమునకు, మూడు ఆస్కార్ బహుమానములు వచ్చెను. అయినను ప్రేక్షకులు రెండుగా చీలిరి. ‘మౌస్’ అను చిత్రకథ రచించిన ఆర్ట్ స్పీగల్‌మన్ ఈ చిత్రమును ఏవగించుకొనెను. ఆయన తల్లిదండ్రులు ఆష్విట్స్ నుండి బ్రతికి బయటపడినవారు. ఇంకొకవంక హంగరీ రచయిత ఇమ్రే కెర్తేస్ దీనిని సమర్థించెను. ఆయన స్వయముగా పిన్నవయసున ఆష్విట్స్‌కు పంపబడినవాడు. 2002లో నోబెల్ బహుమానము పొందినవాడు. కాబట్టి బాధపడినవారందరు ఒక ప్రక్కను, బాధ ఎరుగనివారందరు వేరొక ప్రక్కను నిలిచిరనుటకు వీలులేదు. బెనిని తండ్రియు జర్మను శిబిరములో రెండేండ్లు గడపినవాడే. ఆయన ఆ దినములను బిడ్డలకు భయము కలుగకుండునట్లు నవ్వు కలిపి చెప్పెడివాడట.

చార్లీ చాప్లిన్ సంగతి దీనికి విపరీతము. 1940లో ఆయన ‘ది గ్రేట్ డిక్టేటర్’ తీసి హిట్లరును ప్రపంచముచేత నవ్వించెను. 1964లో వెలువడిన స్వీయచరిత్రలో, జర్మను శిబిరములలో జరిగిన ఘోరములు అప్పుడు తనకు తెలిసియున్నచో ఆ చిత్రమును తీయగలిగియుండెడివాడను కానని చెప్పుకొనెను. చాప్లిన్ తెలియక నవ్వించెను. తెలిసిన తరువాత ఆ నవ్వు ఆయన గొంతున అడ్డుపడెను. బెనిని తెలిసియే నవ్వించెను. ఆయన ప్రేక్షకులును తెలిసియే నవ్విరి. తెరపైని పిల్లవాడొక్కడే తెలియనివాడు. మా దృష్టిలో వివాదమంతయు ఇక్కడ ఉన్నది. నవ్వు మంచిదా చెడ్డదా అని కాక, నవ్వువానికి ఏమి తెలిసి నవ్వుచున్నాడని అడుగవలెను.

ఇటలీ వరకు పోనక్కరలేదు. ఇందుకు తగిన ఉదాహరణము మన యింటిలోనే ఉన్నది. అందరును చూచినదే, ఎవరును ఈ కంటితో చూడనిది.

1957లో విజయావారు నిర్మించి కె.వి.రెడ్డి దర్శకత్వము వహించిన ‘మాయాబజార్’లో లక్ష్మణకుమారుని పాత్ర ధరించినది రేలంగి. 1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున వచ్చిన ‘నర్తనశాల’లో ఉత్తరకుమారుని పాత్ర ధరించినదియు రేలంగియే. ఒకడు దుర్యోధనుని కుమారుడు, అలంకారప్రియుడు. పెండ్లికూతురని నమ్మి మాయాశశిరేఖ చేతిలో నానా తిప్పలు పడినవాడు. ఇంకొకడు విరటుని కుమారుడు, అంతఃపుర స్త్రీల నడుమ కౌరవసేనను గడ్డిపోచగా ఎంచి, తీరా కన్నులార చూచినంతనే రథము దిగి పరుగెత్తినవాడు. ఈ రెండు పాత్రలను చూచి తెలుగుదేశము కడుపుబ్బ నవ్వినది, నేటికిని నవ్వుచున్నది. ‘ఉత్తరకుమార ప్రగల్భములు’ అనుట భారతము చదువనివాని నోటను వినవచ్చును.

ఈ యిద్దరును యుద్ధములో చనిపోయిరి.

ఉత్తరుడు కురుక్షేత్రమున మొదటి దినముననే మరణించెను. ఏనుగు నెక్కి శల్యునిపైకి నడచి, అతని రథాశ్వములను కూల్చి, అతడు విసరిన శక్తిచేత పడిపోయెను. ఆ దినముననే అతని సోదరుడు శ్వేతుడు భీష్ముని చేత హతుడయ్యెను. లక్ష్మణకుమారుడు పదుమూడవ దినమున పద్మవ్యూహములో మరణించెను. చంపినవాడెవడు? అభిమన్యుడు. ‘మాయాబజార్’లో ఏ శశిరేఖకొరకు ఇద్దరు వరులు ఏర్పడి మనలను నవ్వించిరో, ఆ యిద్దరు వరులును ఒక్క దినమున, ఒక్క వ్యూహములో, ఒకరి చేత ఒకరును, ఆవెంటనే పలువురు మహారథుల చేత రెండవవాడును హతులైరి. శశిరేఖాపరిణయము వ్యాసభారతమున లేని కథ, నిజమే. కాని ఆ కల్పన చేసినవారికి భారతము తెలియును, విన్నవారికిని తెలియును. చావబోవు ఇద్దరు పిల్లలను పెండ్లిపందిరిలో ఎదురెదురుగా నిలిపి హాస్యము పుట్టించిన ఆ ఊహ ఎంతటిదో ఆలోచింపుడు.

సినిమా పెండ్లితో ముగియును. ‘నర్తనశాల’యు ఉత్తరాభిమన్యుల వివాహముతోనే ముగియును. ముగియవలసినదే, పండుగనాడు హాలుకు వచ్చినవారిని ఏడ్పించి పంపుటకు నిర్మాతలు డబ్బు పెట్టరు. వెనుకటి ప్రేక్షకులకు మాత్రము ఆ ముగింపు ముగింపు కాదు. వారు గుడి మండపములలో పురాణకాలక్షేపము విన్నవారు, వానలు కురియుటకై విరాటపర్వము చదివించినవారు, తెల్లవార్లు మేలుకొని యక్షగానములు చూచినవారు. రేలంగి పరుగు చూచి నవ్వుచునే వారికి శల్యుని శక్తి జ్ఞాపకమున ఉండియుండును. పెండ్లిపీటలపై ఉత్తరను చూచుచునే ఆమె నుదుట ఏమి వ్రాసియున్నదో వారెరుగుదురు. ఆ నవ్వుకు అడుగున ఒక చల్లని నీడ ఉండెడిది. ఇప్పుడు తరగతిలో ‘ఉత్తరకుమారుడు తరువాత ఏమైనాడు?’ అని అడిగినచో, సాధారణముగా వచ్చు జవాబు మౌనము. ఒకరిద్దరు ‘రాజయ్యెను’ అందురు. పిల్లలను ఆక్షేపించుటకు ఈ మాట చెప్పుటలేదు. పాఠ్యభాగము ఎక్కడ తెగినదో వారి ఉత్తరుడును అక్కడనే నిలిచిపోయినాడు.

తిక్కన ఆ పాత్రను ఎంత ఓర్పుతో నడపెనో చూడవలెను. విరాటపర్వము పలు రసములకు తావైనదని ఆయనయే ముందు చెప్పుకొనెను. ఉత్తరుడు మొదట గొప్పలు చెప్పును, పిదప పారిపోవును, బృహన్నల వెంబడించి పట్టి తెచ్చును, ధైర్యము చెప్పి పగ్గములు చేతికిచ్చును, జమ్మిచెట్టెక్కించి ఆయుధములు దింపించును. అంతట అదే ఉత్తరుడు భీష్మద్రోణకర్ణుల యెదుట అర్జునుని రథమును నడపును. పారిపోయినవాడు అరగడియలో సారథి అయ్యెను. ఇంకొక ముచ్చట. యుద్ధమైన తరువాత అర్జునుడు, గెలుపు నీదే యని తండ్రితో చెప్పుమని బోధించును. ప్రగల్భములకు పేరుపడినవాడు, అబద్ధమాడుటకు అనుమతియు చిక్కినవాడు, తీరా తండ్రి కొలువులో గెలిచినది తాను కాననియు, ఎవడో దేవకుమారుడు గెలిపించెననియు చెప్పును. ఈ మాట చెప్పిన ఉత్తరుడు మన సామెతలోనికి రాలేదు. సామెతకు అతని నోరు కావలసివచ్చెను, అతని మనసు అక్కరలేకపోయెను.

ఇక ఆ కుమారి ఉత్తర. అన్న యుద్ధమునకు బయలుదేరుచుండగా, ఓడిన కౌరవవీరుల రంగురంగుల వస్త్రములను తన బొమ్మలకు పొత్తికలుగా తెమ్మని కోరినది. ఆ కోరికకు నవ్వనివారెవరు? బృహన్నల ఆ మాట మరువలేదు. సమ్మోహనాస్త్రముతో వీరులను నిద్రపుచ్చి, ఉత్తరుని పంపి, ఆ వస్త్రములను తెప్పించెను. యుద్ధభూమినుండి బొమ్మల బట్టలు వచ్చినవి! హాస్యమునకు ఇంతకంటె సుకుమారమైన తావు మన సాహిత్యమున మాకు తోచుటలేదు. ఆ బాలికయే కొలది కాలమునకు, యుద్ధము పదుమూడవ దినము సాయంకాలమున, కడుపుతో నున్న విధవ.

అలంకారశాస్త్రము హాస్యకరుణములను పరస్పర విరోధులుగా లెక్కించినది. ఒకదానివెంట ఒకటి తగిలించినచో రెండును చెడునని భయము. ఆ భయము అకారణము కాదు. మన సినిమాలలో చాలకాలము నడచిన ‘కామెడీ ట్రాక్’ పద్ధతి చూడుడు. కథానాయకుని తల్లి అక్కడ మంచముపై మూలుగుచుండగా, ఇక్కడ హాస్యనటులిద్దరు అప్పులవానికి కనబడకుండ మూటలలో దాగుదురు. ఆ నవ్వునకును ఈ యేడ్పునకును చుట్టరికము లేదు. ఒకే విస్తరిలో ఆవకాయ ఒక మూల, పాయసము ఒక మూల వడ్డించి, రెండును కలిసినవనుట వంటిది. ప్రేక్షకుడు నవ్వవలసినప్పుడు నవ్వి, ఏడువవలసినప్పుడు ఏడ్చి, రెండింటిని దులుపుకొని ఇంటికి పోవును. ఇందులో అపచారమును లేదు, అనుభవమును లేదు.

2022 ఆగస్టు 5న విడుదలయిన హను రాఘవపూడి ‘సీతారామం’ ఇంతకంటె మెరుగు. అందులోను విడిగా అతికించిన హాస్యము కొంత ఉన్నది; దానిని గూర్చి మాకు గొప్ప అభిప్రాయము లేదు. కాని అనాథయైన లెఫ్టినెంటు రామునకు భార్యనని చెప్పుకొనుచు ముక్కు మొగము తెలియని యువతి వ్రాయు ఉత్తరములు, వానిని చదివి అతడు ఆమెకొరకు వెదకుచు తిరుగుట – ఇవి నవ్వించును. ప్రేక్షకులు మనసార నవ్విరి. చివర అతడు పాకిస్థాను చెరనుండి వ్రాసిన ఉత్తరము ఇరువదియేండ్లకు ఆమెకు చేరును. నవ్వించినదియు ఉత్తరమే, ఏడిపించినదియు ఉత్తరమే. ఒకే వస్తువు రెండు పనులు చేయుటచేత అక్కడ హాస్యము కరుణకు పునాది అయినది. మొదటి సగమున నవ్వనివానికి చివరి ఉత్తరము అంతగా తగులదు.

ఈ సంగతి మన పల్లెకళాకారులకు శాస్త్రము చదువకయే తెలియును. బుఱ్ఱకథలో కథకునికి ఇరుప్రక్కల ఇద్దరు వంతలు. ఒకడు రాజకీయము, ఒకడు హాస్యము. చెప్పు కథలు ఏవి? పల్నాటియుద్ధము, బొబ్బిలియుద్ధము. ఊరంతయు కాలి బూడిద యగు కథలలో హాస్యగానికి నిలుకడగా ఒక స్థానమిచ్చినారు. నాజరు వంటి మహాకథకుని ప్రక్కన వంతగా నిలుచుట సులభము కాదు. ఎక్కడ నవ్వింపవలెనో అన్నదానికంటె ఎక్కడ నోరు మూసి గుమ్మెట మాత్రమే మ్రోగింపవలెనో తెలిసియుండవలెను. తోలుబొమ్మలాటలో రామరావణయుద్ధము నడచుచుండగానే కేతిగాడు, బంగారక్క దూరి అల్లరిచేయుదురు. రెండేండ్లకొకసారి మన చివ్వెంల మండలపు దురాజ్‌పల్లి పెద్దగట్టుపై జరుగు లింగమంతులస్వామి జాతరకు లక్షల జనము వచ్చుట పాఠకులెరిగినదే. అట్టి జనసందోహములో పెరిగినవారికి భక్తి, పరిహాసము, కన్నీరు మూడును ఒక్క రాత్రిలోనే ఇముడును. వారు హాలులో యుద్ధము నడుమ నవ్వినంతమాత్రమున రసికులు కారని పట్టణపు పెద్దలు తీర్పు చెప్పుట తగదు.

తెలంగాణ సాయుధపోరాటమును కన్నులార చూచిన తరము ఈ ప్రాంతమున దాదాపు వెళ్లిపోయినది. 1946 నుండి 1951 వరకు ఈ పల్లెలు పడిన పాట్లు పుస్తకములలో ఉన్నవి. 1979లో గౌతం ఘోష్ ‘మాభూమి’ చిత్రములో ఉన్నవి. కాని ఆ తరమువారు అరుగులపై కూర్చుండి చెప్పిన ముచ్చట్లలో మేము విన్న నవ్వు మాత్రము పుస్తకములకు తక్కువగా ఎక్కినది. గాదెలో దాగినవానికి తుమ్ము వచ్చుట, కారపునీళ్లకు జడిసి తుపాకివాడు వెనుకకు తిరిగి పరుగెత్తుట – ఇట్టివి చెప్పునప్పుడు ముసలమ్మలు పైటచెరగు నోటికడ్డముంచుకొని నవ్వెడివారు. ఆ నవ్వు వారిది. వెలయిచ్చి కొనుక్కొన్నది. అదే ముచ్చటను మనుమడు విని నవ్వవచ్చునా? నవ్వవచ్చును – నాయనమ్మ వెంట, ఆమె చెప్పిన మిగిలిన కథ కూడ విన్న తరువాత. స్పీగల్‌మన్, కెర్తేస్ మొదలగువారు వాదించుకొన్న సంగతి మన అరుగులమీద ఇంత సూటిగా ఉన్నది.

ఇక వేరొక నవ్వు గలదు. 2025 మే నెలలో భారత పాకిస్థానుల నడుమ నాలుగు దినములు దాడులు, ప్రతిదాడులు సాగినప్పుడు, సరిహద్దునకు వేయి కిలోమీటర్లకు పైబడిన దూరమున ఉన్న మనవారి సెల్‌ఫోనులలో ఎన్ని పరిహాసచిత్రములు, ఎన్ని వెక్కిరింతలు తిరిగినవో పాఠకులకు తెలియును. ఆ దినములలో పూంఛ్ పట్టణమున ఫిరంగిగుండ్లు ఇండ్లపై పడుచుండెను. ఉత్తరుడు అంతఃపురములో చెప్పిన గొప్పలకును వీనికిని భేద మేమి? భేదమొక్కటి ఉన్నది. ఉత్తరుడు మరునిముసమున రథమెక్కి యుద్ధభూమిని చూచెను, భయపడెను, నేర్చుకొనెను. ఫోనులో నవ్వినవాడు దేనిని చూడలేదు. అతనిని వెంబడించి పట్టి తెచ్చు బృహన్నలయు లేదు. గల్వాన్ వార్త వచ్చిన నాడు సూర్యాపేటలో ఎవరికిని ఇట్టి పరిహాసము తోచియుండదు. వార్త మన వీధికి వచ్చినది గనుక.

నాట్యశాస్త్రమున హాస్యమునకు ఆరు మెట్లు చెప్పబడినవి: స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము. మొదటి రెండు ఉత్తములకు, నడిమి రెండు మధ్యములకు, తుది రెండు అధములకు అని విభాగము. పరీక్షలకొరకు ఈ పేర్లను కంఠస్థము చేయించుచున్నాము. ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’ ముగింపులో గ్విడోను చంపుటకు కొనిపోవుచు సైనికుడు తుపాకి చూపును. పెట్టెలో దాగిన కొడుకు సందులోనుండి చూచుచున్నాడని ఎరిగి, తండ్రి కన్ను గీటి, బొమ్మసైనికునివలె కాళ్లెత్తి వేయుచు నడచును. ఆ క్షణమున ప్రేక్షకుని పెదవిపై వచ్చునది ఈ ఆరింటిలో ఏది? విద్యార్థులను అడిగి చూడుడు. లాక్షణికుల పట్టికలో దానికి చోటు దొరకుట కష్టము. అయినను వెదకుటచేత పట్టికయు అర్థమగును, చిత్రమును అర్థమగును.

ఉపాధ్యాయ మిత్రులకు మా సూచన చిన్నది. ఉత్తరగోగ్రహణము చెప్పునప్పుడు పిల్లలను నవ్వనీయుడు. ఉత్తరుని పరుగును మీరును నటించి చూపుడు. తిక్కన కోరినదియు అదియే. యుద్ధము గంభీరమని చెప్పి నవ్వును ఆపినచో, వారు ఆ నవ్వును తరగతి వెలుపలకు, మీకు కనబడని చోటికి తీసికొనిపోదురు. పాఠము ముగిసిన పిమ్మట గంట మ్రోగుటకు అయిదు నిమిషములు మిగుల్చుకొని, భీష్మపర్వము తెరచి, మొదటి దినపు యుద్ధములో ఉత్తరుని మరణమున్న చోటు చదివి వినిపింపుడు. వ్యాఖ్యానము వలదు. మరునాడు ‘మాయాబజార్’ చూచినవారెవరని అడిగి, ద్రోణపర్వములోని లక్ష్మణకుమారుని కథ చెప్పుడు. పిల్లలలో ఒకరు తప్పక అడుగుదురు: మరి ఆ అమ్మాయి బొమ్మలేమైనవి, సార్? దానికి భారతములో జవాబు లేదు. ఆ పిల్లవానిని, లేదా పిల్లను, ఒక పుట వ్రాసి తెమ్మనుడు.